జిప్సం బోర్డు గోడకు బరువైన కప్‌బోర్డు: ఏ బిగింపును నమ్మవచ్చు?

నమస్కారం. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వంటి ఊళ్లలో మేడ మీద గదిని రెండుగా విడదీయాలంటే ఇప్పుడు ఇటుక గోడకు బదులు జిప్సం బోర్డు గోడ, అంటే ఇనుప ఫ్రేముకు రెండువైపులా పలచని బోర్డులు బిగించి మధ్యలో బోలుగా ఉండే గోడ, పెట్టించుకునేవారు ఉన్నారు. ఆ గోడకే వంటింటి కప్‌బోర్డు తగిలించాలంటే ఏ బిగింపు నిలుస్తుందో ఈ రివ్యూలో చూద్దాం.

ముందు బరువు సంగతి. 18 మి.మీ. ప్లైవుడ్‌తో మూడడుగుల వెడల్పున చేయించిన కప్‌బోర్డు ఖాళీగానే సుమారు 20 కిలోలు తూగుతుంది. స్టీలు గిన్నెలు, పప్పు డబ్బాలు, ఆవకాయ జాడీలు సర్దాక అది 60 కిలోలకు చేరడం కష్టమేమీ కాదు. బోర్డు మందమేమో సాధారణంగా 12.5 మి.మీ. మాత్రమే. పైగా ఆ బరువు కిందికి దిగడంతో ఆగదు. కప్‌బోర్డు ముందుకు ఒరగబోతూ పై వరుస స్క్రూలను గోడలోంచి బయటికి లాగుతుంది. లోతు 30 సెం.మీ. ఉండి, పై స్క్రూలు కింది అంచుకు 60 సెం.మీ. ఎత్తున ఉంటే ఆ లాగుడు సుమారు 15 కిలోలు. అదే బరువుతో కప్‌బోర్డు పొట్టిదై ఆ ఎత్తు 30 సెం.మీ.కు తగ్గితే లాగుడు రెట్టింపవుతుంది.

ఇక బిగింపులు. ఇటుక గోడకు వాడే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు ఇక్కడ ఫొటో ఫ్రేముకు చాలు, కప్‌బోర్డుకు వద్దే వద్దు. బోర్డు వెనక రెక్కలు విచ్చుకునే స్ప్రింగ్ టాగిల్ బోల్టు అంతకంటే ఎంతో మెరుగు, ఎందుకంటే లాగుడును ఎక్కువ మేర బోర్డుకు పంచుతుంది. అయినా అది పట్టుకునేది బోర్డునే. వానాకాలంలో మన డెల్టా గాలిలో ఉండే చెమ్మ, సింకు పక్కన పడే నీళ్లు కలిసి బోర్డును మెత్తబరిస్తే ఎంత మంచి బోల్టు అయినా నిలవదు. ఆకుపచ్చ బోర్డు తేమను కొంత తట్టుకుంటుందే గాని నీళ్లలో నానితే అదీ పాడవుతుంది.

కాబట్టి బరువు చేరవలసింది లోపలి ఇనుప ఫ్రేముకు. అందులో స్టడ్‌లు, అంటే రేకుతో చేసిన నిలువు కమ్మీలు, సాధారణంగా 60 సెం.మీ.కు ఒకటి చొప్పున ఉంటాయి. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరిపితే బోర్డు స్క్రూల తలల దగ్గర అది టక్కున అతుక్కుంటుంది. ఆ చుక్కలు పైనుంచి కిందికి ఒకే గీతలో వస్తే అక్కడ స్టడ్ ఉన్నట్టు. అయితే ఆ రేకు చాలా పలచన, ఒక్క స్క్రూకు దొరికే పట్టు కొద్దిపాటిదే. అందుకే 18 మి.మీ. ప్లైవుడ్ పట్టీని కనీసం రెండు మూడు స్టడ్‌ల మీదుగా అడ్డంగా బిగించి, కప్‌బోర్డును ఆ పట్టీకి తగిలించాలి. బోర్డు బిగించే నల్ల స్క్రూలు పెళుసుగా ఉంటాయి, బరువుకు విరిగిపోవచ్చు. వాటిని ఈ పనికి వాడనివ్వకండి. సముద్రం దగ్గరి ఊళ్లవారు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే అడగండి.

గోడ ఇంకా మూయకపోతే మీరు అదృష్టవంతులు. వడ్రంగితో మాట్లాడి, కప్‌బోర్డు పై అంచు వచ్చే ఎత్తులో స్టడ్‌ల మధ్య నీటికి తట్టుకునే ప్లైవుడ్ పెట్టించి, నేల నుంచి టేపు కనబడేలా ఫొటో తీసుకున్నాకే రెండోవైపు బోర్డు వేయించండి. నా లెక్కలో దీనికి సాటి వచ్చే బిగింపు ఇంకొకటి లేదు. గోడ ఇప్పటికే మూసి ఉంటే, కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఎటు వెళ్లాయో చూసుకుని, కప్‌బోర్డు వెనక దాగే మేర బోర్డు కోసి ఆ ప్లైవుడ్ పెట్టించవచ్చు.

అద్దె ఇంట్లో ఉండి గోడ కోయడానికి వీల్లేనివారు ఆ కప్‌బోర్డును గట్టు మీద కాళ్లతో నిలబెట్టి, పైన మాత్రం గోడకు పట్టించుకోవడం మేలు.