తెలుగు పీడీఎఫ్‌ను కిండిల్‌ల ఎక్కిచ్చుడు: ముందు ఒక్క లైన్ కాపీ కొట్టి చూడుండ్రి

అందరికీ నమస్తే. మొన్న మా తమ్ముడు నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు ఒక డీటీపీ షాపుల కొట్టిచ్చిన గ్రూప్స్ నోట్సు పీడీఎఫ్ పంపిండు. 180 పేజీలు. "అన్నా, దీన్ని జర కిండిల్‌ల ఎక్కియ్యవా, ఫోన్‌ల చదివితే కండ్లు గుంజుతున్నయ్" అన్నడు. కిండిల్ అంటే పుస్తకాలు చదువుకునే అమెజాన్ మిషిన్. అదెంతసేపు పని అనుకున్న. ఈ-బుక్కుల ఫైళ్లు మార్చే కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌ల వేసి ఈపబ్ (ఒక రకం ఈ-బుక్ ఫైలు) చేసిన. తెరిస్తే, ఇగో స్క్రీన్ మీద చూడుండ్రి, 'తెలంగాణ' ఉండాల్సిన కాడ డాలర్ గుర్తు, బ్రాకెట్లు, నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు. కిచిడీ!

తప్పు కాలిబర్‌ది కాదు. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోన్, కంప్యూటర్ అయినా తెలుగును తెలుగుగనే గుర్తుపట్టే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల జాగల తెలుగు బొమ్మలు కూసోబెట్టినయ్. పీడీఎఫ్‌ల ఆ ఫాంట్ లోపలనే ఉంటది కాబట్టి మనకు తెలుగు కనవడ్తది. మార్చినంక ఫాంట్ పోయి కింది ఇంగ్లిష్ బయటవడ్తది. అందుకే ముందుగాల ఒక్క లైన్ కాపీ కొట్టి వాట్సాప్‌ల పేస్ట్ చేయుండ్రి. తెలుగే వస్తే సీదా కాలిబర్‌కు పోవచ్చు. గీతలు, గుర్తులు వస్తే ఆగుండ్రి.

అప్పుడేం చెయ్యాలె? పేజీలను జేపీజీ బొమ్మలుగ మార్చి, గూగుల్ డ్రైవ్‌ల పెట్టి, గూగుల్ డాక్స్‌తోని తెరవాలె. బొమ్మల ఉన్న తెలుగును అది చదివి టైపు చేసిస్తది. పీడీఎఫ్‌ను అట్లనే ఇస్తే లోపలున్న ఆ కిచిడీనే ఎత్కొచ్చే ప్రమాదముంది, అందుకే బొమ్మలు. ఒత్తులు, 'ద'–'ధ' తేడాలు మాత్రం మీరే దిద్దుకోవాలె. తర్వాత డాక్స్‌లనే డౌన్‌లోడ్‌ల ఈపబ్ ఉంటది.

ఇంకా మోబీ (కిండిల్ పాత ఫైలు రకం) చెయ్యుమని చెప్పే పాత వీడియోలు మస్తున్నయ్. వినకుండ్రి. సెండ్ టు కిండిల్ (మన ఫైళ్లను కిండిల్‌కు పంపే అమెజాన్ సేవ) 2022 నుంచి ఈపబ్‌ను సీదాగ తీస్కుంటున్నది, మోబీని ఇప్పుడు తీస్కోదు.

ఫాంట్ నచ్చకపోతే కేబుల్ పెట్టి కిండిల్‌ల 'ఫాంట్స్' ఫోల్డర్‌ల వేరేది వేసి చూడొచ్చు. ఉచితంగ దొరికే వాటిల 'సురవరం' ఒకటి. మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద ఉన్నది. 1926ల గోలకొండ పత్రిక పెట్టిన పెద్దాయన.

మొత్తానికి దిద్దుడుకే రెండు రాత్రులు పట్టింది. తమ్ముడు తెరిచి చూసి, "టేబుళ్లు ఏవన్నా?" అన్నడు. అవి చెదిరిపోయినయ్. ఫోన్‌లనే చూస్కోమన్న.