కొరియా పిల్లల చెవి, చదువు

శ్రోతలకు నమస్కారం.

కొరియా రాజు సెజోంగ్ 1443లో రూపొందించి, 1446లో ప్రజల ముందుంచిన లిపిని నేడు హంగుల్ అంటున్నారు. తెలివైనవాడు ఒక్క పూట గడవకముందే, మందమతి అయినా పది రోజుల్లో దీన్ని నేర్వగలడని ఆనాటి పండితుడు జోంగ్ ఇంజి రాశారు. అక్షరాల వరకు ఆ మాట చెల్లుతుంది కానీ, చదవడానికి చెవి కూడా సిద్ధపడాలి.

ఆ సిద్ధపాటు ఆటల్లోనే మొదలవుతుంది. ఒకరు చెట్టును 'నాము' అంటే, రెండోవారు 'ము'ను అందుకొని ఇంద్రధనుస్సును 'ముజిగె' అంటారు, మూడోవారు 'గె'తో కప్పను 'గెగురి' అంటారు. మన అంత్యాక్షరిని తలపించే ఈ ఆటలో, ఇంకా చదవడం రాని పిల్ల మాటను అక్షరాలుగా విడదీయడం నేర్చుకుంటుంది.

ఆ తర్వాత 14 హల్లులు, 10 అచ్చులు కలిపి, మన గుణింతంలాగే పట్టికగా వల్లిస్తారు. ఎలుగుబంటి అనే అర్థమున్న 'గోమ్'ను విడదీయమంటే, కొరియా పిల్లలు 'గో', 'మ్' అని విడదీయడానికే మొగ్గుతారు. ఇంగ్లీషు పిల్లలు సాధారణంగా మొదటి హల్లును వేరుచేసి, మిగిలినదాన్ని ఒకే ముక్కగా పట్టుకుంటారు. అందువల్ల ప్రాసపదాలతో సాగే ఇంగ్లీషు పాఠాలను కొరియా బడికి యథాతథంగా తెచ్చుకోవడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అసలు చిక్కు అక్షరం అడుగున చేరే హల్లుతో వస్తుంది. దాన్ని 'పచ్చిమ్' అంటారు, అంటే కింద పెట్టిన ఆధారం. రాతలో అక్కడ ఎన్నో హల్లులు ఉండవచ్చు, పలుకులో మాత్రం ఏడే ధ్వనులు మిగులుతాయి. పువ్వును విడిగా 'కోత్' అంటారు. కర్తను సూచించే 'ఇ' చేరితే 'కోఛి' అవుతుంది, 'మాత్రమే' అనే అర్థమిచ్చే 'మాన్' చేరితే 'కోన్‌మాన్' అవుతుంది. మూడు చోట్లా పువ్వు రాత ఒక్కటే, అడుగున ఉన్నది 'ఛ'కారమే. ఇక్కడ ధ్వని తెలిస్తే చాలదు, మాట ఎక్కడ ముగిసి ప్రత్యయం ఎక్కడ మొదలైందో కూడా పిల్లవాడు గ్రహించాలి.

కాబట్టి 'కోత్' అని విని అడుగున 'త'కారం రాసిన పిల్లవాణ్ణి మందలించకూడదు, వాడు విన్నది సరిగ్గానే విన్నాడు. అదే మాటను 'ఇ' చేర్చి పైకి పలకమని అడిగితే, దాగి ఉన్న 'ఛ'కారం వాడి చెవికే వినిపిస్తుంది.