మనోవర్తి బాకీ జైలుతో తీరదు

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడిలో న్యాయవాదిగా ఉన్న నా దగ్గరకు ఈమధ్య ఒక చెల్లెలు వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి మడతల దగ్గర చిరుగుతున్న ఒక కాగితం తీసి, "ఇది ఇంకా పనికొస్తాదా అమ్మా?" అని అడిగింది. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్న భర్త ఆమెకూ ఇద్దరు పిల్లలకూ కలిపి నెలకు 6,000 రూపాయలు మనోవర్తి చెల్లించాలని ఇంగ్లీషులో టైపు చేసిన కోర్టు ఉత్తర్వు అది. పద్నాలుగు నెలలు గడిచినా ఒక్క రూపాయి రాలేదు. మళ్ళీ కోర్టుకు ఎందుకు వెళ్ళలేదని అడిగాను. "ఆడ్ని జైల్లో ఎడితే బాకీ మాఫీ అయిపోతాదట. అప్పుడు నాకేటి మిగుల్తాది?" అంది.

ఈ అపోహ మన గజపతి, గంజాం జిల్లాల్లో ఎందరు ఆడవాళ్ళ నోరు నొక్కిందో తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. చట్టం చెప్పేది దీనికి పూర్తిగా విరుద్ధం.

పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్‌గా ఉండి, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా అమలవుతున్న నిబంధన ప్రకారం, స్తోమత ఉండి కూడా తమను తాము పోషించుకోలేని భార్యనో, బిడ్డలనో, తల్లిదండ్రులనో పట్టించుకోని వ్యక్తి నెలనెలా ఇంత చెల్లించాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పెళ్ళి లేకుండా పుట్టిన బిడ్డకూ ఈ హక్కు ఉంది. సరైన కారణం లేకుండా భర్తతో కాపురానికి నిరాకరించిన భార్యకు, పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు మాత్రం ఇది వర్తించదు. ఇక "నాకు పని లేదు" అన్నంత మాత్రాన భర్త తప్పించుకోలేడు; ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి చేసైనా పోషించవలసిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

తగిన కారణం లేకుండా ఆ సొమ్ము ఎగవేస్తే కోర్టు వారంటు ఇచ్చి, జరిమానా రాబట్టినట్లే దాన్ని రాబడుతుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బాకీకి ఒక నెల వరకు, లేదా ఈలోగా డబ్బు కట్టేవరకు, జైలులో ఉంచవచ్చు. ఆ జైలు డబ్బు కట్టించడానికే గాని బాకీ చెల్లు చేయడానికి కాదని కుల్‌దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అతను జైలు నుంచి బయటికి వచ్చినా బాకీ బాకీగానే ఉంటుంది.

అసలు ప్రమాదం జైలు కాదు, ఆలస్యం. ఏ నెల సొమ్ము ఆ నెల బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పెడితేనే వారంటు వస్తుంది. ఆ చెల్లెలు అప్పటికే మొదటి రెండు నెలల సొమ్ము, అంటే 12,000 రూపాయలు, ఈ దారిలో రాబట్టుకునే అవకాశం పోగొట్టుకుంది. కిరాణా కొట్టులో ఆమె పేరున ఉన్న పద్దు కూడా ఇంచుమించు అంతే.

మనోవర్తి కేసు వేయడానికి సూరత్ వెళ్ళనక్కరలేదు. భార్య తానున్న చోటే వేయవచ్చు. కొత్త చట్టం తల్లిదండ్రులకూ ఆ వీలు కల్పించింది. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది; ఫోన్ నంబరు 15100.

మిగిలిన పన్నెండు నెలలకూ దరఖాస్తు వేశాం. వెళ్తూ వెళ్తూ ఆమె, ఇకముందు ఏ నెల బాకీకి ఏ తేదీలోగా రావాలో తెలుగులో రాసిమ్మంది. ఉత్తర్వు జెరాక్సు కాపీ వెనుక ఆ తేదీలు వరుసగా రాసిచ్చాను.