నామినేషన్ల లిస్టులోంచి ఏ సినిమా చూడాలి? ఫ్రెండ్‌ని ఇలా అడగండి

(తెరపై: ఒకే వరుసలో పది పోస్టర్లు)

నమస్తే. ఆస్కార్ నామినేషన్ల లిస్టు మామూలుగా జనవరిలో వస్తుంది. ఉత్తమ చిత్రం విభాగంలోనే పది సినిమాలు, అంతర్జాతీయ చిత్రాల్లో ఐదు, ఆపైన డాక్యుమెంటరీలు, యానిమేషన్. మహబూబ్‌నగర్ థియేటర్లకు వాటిలో వచ్చేవి బహు తక్కువ. మిగతావి ఎప్పుడో ఓటీటీలోకి వచ్చాక, ఏ ఆదివారమో తీరిక దొరికితే చూసుకోవాలి. అన్నీ చూడటం ఎవరివల్లా కాదు. మరి దేనితో మొదలుపెట్టాలి?

నేను నమ్మేది ఒకటే. లిస్టు వడపోసి పెడుతుంది, అంతవరకే. అందులో మీకు పట్టే సినిమా ఏదో చెప్పాల్సింది మిమ్మల్ని ఎరిగిన ఫ్రెండ్. కాకపోతే ఆ ఫ్రెండ్‌ని మనం అడిగే తీరు మారాలి.

(తెరపై: నామినేషన్ ఎవరు వేస్తారు?)

ముందు ఈ లిస్టు ఎలా తయారవుతుందో చూద్దాం. ఆస్కార్‌లో నటులకు నటులే నామినేషన్ ఓటు వేస్తారు, ఎడిటింగ్‌కి ఎడిటర్లు, కెమెరా పనికి కెమెరావాళ్లు. ఉత్తమ చిత్రానికి మాత్రం ఆస్కార్ ఇచ్చే అకాడమీ సభ్యులందరూ వేయొచ్చు. అందుకే సినిమా పేరు కనపడగానే ఆగిపోకండి, పక్కన ఏ విభాగం ఉందో చూడండి. 2023లో ‘నాటు నాటు’ గెలిచినప్పుడు మన దగ్గర చాలామంది సినిమాకే ఆస్కార్ వచ్చిందని సంబరపడ్డారు. ‘ఆర్ఆర్ఆర్’కి దక్కిన నామినేషన్ ఒక్కటే, ఒరిజినల్ సాంగ్‌కి. కీరవాణి సంగీతానికి, మన తెలంగాణ బిడ్డ చంద్రబోస్ సాహిత్యానికి వచ్చిన గౌరవం అది. ఎంత పెద్దదైనా, మెచ్చుకున్నది పాటని.

ఇది తెలిస్తే చూసే పద్ధతి కూడా తెలుస్తుంది. సౌండ్‌కో కెమెరాకో నామినేట్ అయిన సినిమాని బస్సులో కూర్చుని ఫోన్‌లో చూస్తే సగం పోతుంది. దాన్ని టీవీ ఉన్నోళ్ల ఇంటికి దాచిపెట్టుకోండి. స్క్రీన్‌ప్లేకో నటనకో వచ్చిందైతే ఫోన్‌లో కూడా కట్టిపడేస్తుంది.

ఇక లిస్టులో లేనివాటి సంగతి. అంతర్జాతీయ చిత్రం విభాగానికి ఒక్కో దేశం ఒక్కో సినిమానే పంపాలి. 2024లో మన దేశం ‘లాపతా లేడీస్’ని పంపింది. అది 15 సినిమాల షార్ట్‌లిస్ట్ దాకా కూడా పోలేదు. అదే ఏడాది పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ ఫ్రాన్స్‌లో జరిగే కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి గెలిచింది. అక్కడ అది రెండో పెద్ద అవార్డు. అమెరికాలో ఇచ్చే మరో సినిమా అవార్డు గోల్డెన్ గ్లోబ్స్‌లో రెండు నామినేషన్లు వచ్చాయి. ఆస్కార్ లిస్టు ఒక్కటే పట్టుకుని కూర్చున్నవాళ్లకి ఆ సినిమా కనపడనే కనపడదు.

(తెరపై: వాట్సాప్ మెసేజ్)

నాకు ఆ సినిమా చెప్పింది మక్తల్ వైపు మిత్రుడు. వాళ్ల నాన్న ఏళ్లకేళ్లు బొంబాయిలో బిల్డింగ్ పనికి పోయిన మనిషి. పాలమూరు లేబర్ అంటే తెలియని ఊరు మన దగ్గర ఏదుంది? అతను పెట్టిన మెసేజ్ ఇది: “అన్నా, మంచిగున్నదా లేదా నేను చెప్ప. మొదట్ల బొంబాయికి బతకనీకి పోయినోళ్ల గొంతులు ఇనిపిస్తయ్. అవి ఇను. మా నాయిన మాట్లాడినట్టే ఉంటది.”

రేటింగ్ లేదు, కథ చెప్పలేదు. ఆ ఒక్క మాటతో నేను సినిమా పెట్టుకున్నాను.

అందులో ప్రభ ముంబైలో పనిచేసే మలయాళీ నర్సు. భర్త జర్మనీలో ఉంటాడు, చాలా కాలంగా ఫోన్ కూడా లేదు. ఒకరోజు పార్శిల్ వస్తుంది. విప్పితే ఎర్రటి రైస్ కుక్కర్. ఉత్తరం లేదు, పంపినవాళ్ల పేరు లేదు. రాత్రిపూట ఆమె నేలమీద కూర్చుని ఆ కుక్కర్‌ని దగ్గరికి తీసుకుని కావలించుకుంటుంది. ఒక్క మాట ఉండదు. ఇంటిమనిషి వలస పోయిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ సీన్ ఎవరూ వివరించి చెప్పాల్సిన పనిలేదు. ఇల్లు తనదేనని చూపే కాగితాలు లేక గూడు పోగొట్టుకునే పార్వతి కథ కూడా అంతే దగ్గరగా తగులుతుంది.

సినిమా నిదానంగా నడుస్తుంది. పిల్లలతో కూర్చుని చూసేది మాత్రం కాదు.

ఇప్పుడు అడిగే తీరు గురించి. “బాగుందా?” అని అడిగితే “సూపర్” అనో “టైమ్ వేస్ట్” అనో వస్తుంది. దానితో మీకు ఏమీ తెలియదు. “నీకు ఏ సీన్ గుర్తుంది?” అని అడగండి. నిజంగా మనసుకు పట్టినోళ్లు టక్కున చెప్తారు, తడుముకుంటే ఆ రికమండేషన్‌ని పక్కన పెట్టొచ్చు. తర్వాత, “ఎక్కడ ఫోన్ చేతిలోకి తీసుకున్నావ్?” అనండి. ఎక్కడ నెమ్మదిస్తుందో ముందే తెలిస్తే టెన్షన్ లేకుండా ఆ పావుగంట దాటేస్తాం. ఇంట్లో అమ్మానాన్నలతో చూడొచ్చా అన్నది కూడా అడగాలి, ముఖ్యంగా ఒకటే టీవీ ఉన్న ఇళ్లలో.

మీ టేస్ట్‌కి ఎప్పుడూ ఎదురుగా ఉండే ఫ్రెండ్‌ని వదులుకోవద్దు. అతనికి విసుగొచ్చిన కారణమే మీకు నచ్చే కారణం అవ్వొచ్చు. గ్రూపులో ఇద్దరు ఒకే సినిమా మీద గట్టిగా వాదించుకుంటున్నారంటే నేనైతే దాన్నే ముందు చూస్తాను. అందరూ “పర్లేదు” అన్నదాన్ని చివరికి నెడతాను.

మన జాతీయ అవార్డులకు ఇలా నామినేషన్ల లిస్టు ఉండదు, జ్యూరీ నేరుగా విజేతలనే ప్రకటిస్తుంది. కానీ అందులో భాషలవారీగా ఉత్తమ చిత్రం ఇస్తారు. తెలుగు, మరాఠీ, మలయాళం, కన్నడ, ఇలా. వేరే భాషల సినిమా మొదలుపెట్టేవాళ్లకి ఆస్కార్ లిస్టు కన్నా ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. మనుషులు, ఇళ్లు, గొడవలు మనకు తెలిసినవే ఉంటాయి.

(తెరపై: సబ్‌టైటిల్ సెట్టింగ్)

సబ్‌టైటిల్స్ అంటే భయపడేవాళ్లు చాలామంది. పది నిమిషాలకు కళ్లకు అలవాటవుతుంది. అక్షరాలు చిన్నగా ఉంటే చాలా యాప్‌లలో సైజు పెంచుకునే ఆప్షన్ ఉంటుంది, సినిమా మొదలవకముందే పెట్టుకోండి. ఐదారుగురు కలిసి చూస్తుంటే ఇంగ్లీష్ చదవడం కష్టమైనవాళ్లను తెలిసినవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. చిన్నగా చెప్తూ పోతే చాలు, వాళ్లూ మీతోపాటే చివరిదాకా చూస్తారు.