ఊరి బడి గురించి ఎవరు అడగాలి?

శ్రోతలకు నమస్కారం.

2022 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచారు. తెరుస్తూనే చాలా ఊళ్లలో తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. అంతకు ముందు నెలలో వచ్చిన 117వ నంబరు జీవో ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను ఊరి ప్రాథమిక పాఠశాల నుంచి తీసి దగ్గర్లోని హైస్కూల్లో కలపడమే దానికి కారణం. ఒకటి, రెండు తరగతులు పాత బడిలోనే మిగిలాయి. మూడో తరగతి చదివే అక్క ఒక దారిన, ఒకటో తరగతి తమ్ముడు ఇంకో దారిన వెళ్లాల్సి వచ్చింది. 2025లో ఆ జీవో రద్దయింది. అయినా పిల్లలు తక్కువగా ఉన్న బడిని ఏం చేయాలన్న ప్రశ్న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాగే ఉంది.

విలీనం కోరేవాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. ఒక్క టీచరు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఎవరికని పాఠం చెప్పగలరు? ఆ టీచరు సెలవు పెడితే ఆ రోజు చదువే సాగదు. తరగతికొక టీచరు ఉండాలన్న మాట నూటికి నూరుపాళ్లూ సరైనదే.

కానీ ఆ బడిలో పిల్లలు ఎందుకు తగ్గారో కూడా చూడాలి కదా. ఒక టీచరు బదిలీ అవుతారు, ఆ ఖాళీ నిండదు. మిగిలిన టీచరు పాఠం చెప్పాలి, యాప్‌లో హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాలి. పిల్లాడికి కూడికలు రావడం లేదని తల్లికి టెన్షన్ మొదలవుతుంది. అప్పు చేసైనా కాన్వెంటు బస్సు ఎక్కిస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టలేం. కానీ అలా పది మంది వెళ్లిపోయాక సర్దుబాటు పేరుతో ఇంకో పోస్టు పోతుంది. చివరికి మిగిలేది కూలికి వెళ్లే కుటుంబాల పిల్లలు, ఎక్కువగా ఆడపిల్లలు. అప్పుడు ఎవరో వచ్చి "ఇక్కడ పిల్లలే లేరు" అని రాసుకుని వెళ్తారు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. టీచర్లను ముందు తీసేసి, పిల్లలు లేరని బడిని తప్పుపట్టడం ఏం పద్ధతి?

దూరం సంగతీ అంతే. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి. మ్యాపులో కిలోమీటరు సరిపోవచ్చు. మధ్యలో నాలుగు వరసల రోడ్డో, వానాకాలంలో పొంగే వాగో ఉంటే ఎనిమిదేళ్ల పిల్లను రోజూ ఎవరు దాటిస్తారు? పనికి వెళ్లాల్సిన అమ్మ ఎన్నాళ్లు దాటించగలదు?

చదువు హక్కు మనకు ఊరికే రాలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. 2002లో ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చిన సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలన్నది ఆ చట్టంలోని మాటే. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పనులకు టీచర్లను పంపకూడదని కూడా అందులో ఉంది.

అదే చట్టం తల్లిదండ్రుల చేతికి ఒక అధికారం ఇచ్చింది. ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కావాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ కమిటీ రాసే పాఠశాల అభివృద్ధి ప్రణాళిక ఆధారంగానే ప్రభుత్వం నిధులు ఇవ్వాలి. చాలా చోట్ల కమిటీ అంటే రిజిస్టరులో సంతకాలే. టీచర్లను కూడా తప్పు పట్టలేం, అడిగేవాళ్లు లేనప్పుడు మీటింగు కాగితం మీదే జరిగిపోతుంది.

అందుకే ఇది వింటున్న అమ్మలకు, నాన్నలకు నా విన్నపం. మీ పిల్లల బడిలో కమిటీ మీటింగు ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి. పని పోతుందనుకుంటే ఇంటికొకరైనా వెళ్లండి. ఎన్ని టీచరు పోస్టులు ఉండాలి, ఎందరు ఉన్నారు, దారిలో ఏ వాగు, ఏ రోడ్డు దాటాలి, అన్నీ తీర్మానంలో రాయించండి. బడిని కలుపుతామని ఎవరైనా వస్తే, కమిటీ ఒప్పుకుందో లేదో కూడా రాతపూర్వకంగా ఉండాలి. తీర్మానం నకలు మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు తేదీతో ముద్ర వేయించుకోండి.

నమస్కారం.