పనిలో ఉన్న పరమాణువునే చూడాలి

అందరికీ నమస్కారం.

నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీసేటప్పుడు, ఆమ్ల ద్రావణంలో కాథోడ్ దగ్గర ఉత్ప్రేరకంగా, అంటే చర్యను వేగవంతం చేసే పదార్థంగా, ప్లాటినానికి సాటి రాగల లోహం దాదాపు లేదు. హైడ్రోజన్‌ను అది మరీ గట్టిగా పట్టుకోదు, మరీ తేలిగ్గానూ వదిలేయదు. చిక్కల్లా దాని ధర, కొరత. పైగా రేణువుగా వాడితే లోపలి పరమాణువులకు పనే తగలదు. అందుకే లోహాన్ని ఒక్కో పరమాణువుగా విడదీసి నిలబెట్టే ప్రయత్నాలు మొదలయ్యాయి. 2011లో చైనాలో తావ్ ఝాంగ్ బృందం ఐరన్ ఆక్సైడ్ మీద ప్లాటినాన్ని అలా నిలిపింది. 2015లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం నైట్రోజన్ కలిపిన గ్రాఫీన్‌లో (ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొరలో) కోబాల్ట్ పరమాణువులను పొదిగి హైడ్రోజన్ తీసింది.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అలా ఒంటరిగా నిలిచిన పరమాణువు నడవడి. ప్లాటినం ఉపరితలం మీదైతే పక్కపక్కనే ఉన్న రెండు హైడ్రోజన్ పరమాణువులు జతకట్టి వాయువుగా లేచిపోగలవు. ఒంటరి పరమాణువుకు ఆ తోడు లేదు. అది పట్టుకున్న హైడ్రోజన్ దగ్గరికే ద్రావణంలోంచి మరో ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) రావాలి, లేదా రెండు హైడ్రోజన్లనూ అదే మోయాలి. ఈ రెండో దారిని విస్మరిస్తే అంచనాలు తప్పుతాయని ఇటలీలో రసాయన శాస్త్రవేత్త పకియోని బృందం లెక్కకట్టి చూపింది. అంటే ఈ పరమాణువు లోహపు ముక్కలా కాదు, సమన్వయ సమ్మేళనంలా, అంటే మధ్యలో లోహ పరమాణువు, చుట్టూ దాన్ని పట్టుకున్న ఇతర పరమాణువులు ఉండే అణువులా, ప్రవర్తిస్తుంది. చుట్టూ ఉన్న నైట్రోజన్, కార్బన్, ఆక్సిజన్‌లలో ఏది మారినా దాని గుణం మారిపోతుంది.

వోల్టేజి పెట్టగానే ఆ చుట్టుపక్కల పరిస్థితే మారుతుంది. ప్రయోగం నడుస్తుండగా ఎక్స్-రే శోషణను కొలిచినవారు, ప్లాటినం పరమాణువు తన ఆధారంతో, అంటే తనను నిలిపిన పదార్థంతో, ఉన్న బంధాలను సడలించుకోవడం గమనించారు. క్షార ద్రావణంలో కోబాల్ట్ పరమాణువు హైడ్రాక్సిల్‌ను (OH సమూహాన్ని) తగిలించుకోవడం కూడా చూశారు. కొన్ని లోహాలు గుంపులు కడతాయి, వోల్టేజి తీసేశాక మళ్లీ విడిపోయేవీ ఉన్నాయి. కాబట్టి ముందూ తర్వాతా తీసిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో విడివిడి చుక్కలు కనిపించినంత మాత్రాన, మధ్యలో పని చేసిందీ అవేనని చెప్పలేం. ఈ రంగంలో చాలా వాదనలు ఈ ఒక్క చోటే బలహీనపడుతున్నాయని నా అభిప్రాయం.

ప్రయోగశాలల్లో ఉన్న విద్యార్థులకు ఒక్క మాట. ఆమ్ల ద్రావణంలో ఎదురు ఎలక్ట్రోడ్‌గా, అంటే కరెంటు వలయం పూర్తి చేసే రెండో ఎలక్ట్రోడ్‌గా, ప్లాటినం తీగ పెట్టకండి. అది కొద్దికొద్దిగా కరిగి, మీరు పరీక్షించే ఉత్ప్రేరకం మీదే పేరుకుంటుంది. చవకైన లోహం అద్భుతంగా పని చేస్తున్నట్టు కనిపిస్తుంది, పని చేసేది మాత్రం ఆ ప్లాటినమే. గంటలు గడిచేకొద్దీ పనితీరు మెరుగవుతోందంటే ముందు దీన్నే అనుమానించండి. గ్రాఫైట్ కడ్డీ పెట్టి, మళ్లీ కొలవండి.