నాటేటోడు ఒకడు, పట్టా ఇంకొకడిది

అందరికీ నమస్తే. మైకు కొంచెం గుయ్యిమంటుంది, వెనక కూసున్నోళ్లకు వినపడకపోతే చెయ్యి ఎత్తండ్రి. పిలిచినోళ్లు నాకు ప్రపంచీకరణ, వలస, సంక్షేమం అని మూడు పెద్ద పెద్ద మాటలు ఇచ్చిండ్రు. పాలమూరుల నిలబడి వలస గురించి చెప్పుడంటే చేపకు ఈత నేర్పినట్టే గని, ఒప్పుకున్న కాబట్టి మా ఇంటి కాడినుంచే మొదలుపెడ్త.

మా నాయన గుంపు మేస్త్రి కింద పోయెటోడు. దసరా ముందల మేస్త్రి వచ్చి అడ్వాన్స్ ఇచ్చెటోడు, ఆ పైసలు అరుగు దిగకముందే అప్పులోళ్లకు పోయేవి, ఇగ ఎనిమిది నెలలు ఆ అడ్వాన్స్ తీరేదాంక పని, యాడికి పోతున్నమో కూడా లారీ ఎక్కినంకనే తెలిసేది. నేను మా అవ్వ కాడ ఉండి బడికి పోయిన. పాలమూరు లేబర్ అంటే దేశంల ఏ డ్యాం కట్టినా ఉండెటోళ్లు. నాగార్జునసాగర్ చూడుండ్రి, 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది ఏసిండు, 1967 ఆగస్టుల ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు ఇడిచింది, అది రాతి కట్టడం, ఆ రాళ్లు మోసినోళ్లల్ల మనోళ్లు మస్తుమంది. నీళ్లు మాత్రం ఎడమ కాల్వ పట్టుకొని మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు పోయినయ్. ముంబైల కామాఠీపురా అని ఉంటది, ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసా, మన నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనికి పోయిన కామాఠీల వల్ల. అదే ముంబైల 1966ల శివసేన పుట్టినప్పుడు దక్షిణాదోళ్లు మా నౌకర్లు గుంజుకుంటున్నరు అన్నదే వాళ్ల పెద్ద నినాదం. అంటే మనం తట్ట మోసినోళ్లం, దొంగలం కూడా మనమే అయినం.

ఇప్పుడు బొమ్మ తిరగబడ్డది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ లిఫ్టులు వచ్చి కొంత భూమి తడిసింది, హైదరాబాద్ పెరిగి పని బస్సు దూరంలకు వచ్చింది, ఉపాధి హామీ వచ్చింది. 2006ల మొదటి విడత 200 జిల్లాలల్ల మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నయ్. చానమంది ఇది చిన్న విషయం అనుకుంటరు, నేను అనుకోను, ఎందుకంటే మా అమ్మకు మొగోళ్లతోని సమానంగా కూలి కట్టిచ్చిన పని అదొక్కటే, పైనుంచి ఊర్లె పని ఉందని తెలిసినంక మేస్త్రికి అడ్వాన్స్ వద్దు పో అనే ధైర్యం వచ్చింది. వలస పూర్తిగ ఆగిందని మాత్రం నేను అనను, కోస్గి, మద్దూరు దిక్కు పోయి తాళమేసిన ఇండ్లు చూస్తే మీకే తెలుస్తది.

మొన్న వానకాలం మిర్యాలగూడ దిక్కు మా బామ్మర్ది పొలానికి పోయిన. నాట్లు పడుతున్నయ్. పదకొండు మంది పిలగాండ్లు, బీహారోళ్లు, ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకున్నరు, నారు వాళ్లే పీకుతరు, వాళ్లే మోస్తరు, వాళ్లే నాటుతరు. గట్టు మీద ఒక ఫోన్‌ల భోజ్‌పురి పాట మోగుతుంటే వంగినోడు వంగినట్టే ఎనకకు నడుసుకుంట పోతున్నరు, మన దిక్కు నాటు అంటే ఆడోళ్ల కైకిలి, పాట ఎత్తుకొని ఏసెటోళ్లు, ఇక్కడ మొగపోరలు మిషన్ లెక్క ఏస్తుండ్రు. నేను వాళ్ల పెద్దాయన కాడ కూసొని నాకొచ్చిన హిందీల అడిగిన, అడ్వాన్స్ ఎవరిచ్చిండ్రు, ఎప్పుడిచ్చిండ్రు, ఇంటి కాడ ఎవరున్నరు అని. ఆయన చెప్పుతుంటే నాకు మా నాయన మాట్లాడినట్టే అనిపిచ్చింది, భాష ఒక్కటే వేరు.

ఇప్పుడు ఆ ఒక్క ఎకరం లెక్క తీద్దాం. పొలం మా బామ్మర్దిది కాదు, ఆయన కౌలుకు చేస్తుండు. పట్టా ఉన్నాయన అమెరికాల సాఫ్ట్‌వేర్. 2018 మే నెలల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కు 4,000, తర్వాత 5,000 అయింది, అవి పట్టాదారు ఖాతాలకే పోయినయ్, కౌలుదారుకు రాలే. నాటినోడికి కూలి తప్ప ఏ పథకం లేదు. ఇగ బియ్యం కథ ఇంకోటి. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి బంద్ పెట్టింది, 2024 సెప్టెంబర్ల తీసేసింది, ఢిల్లీల ఒక ఉత్తర్వు వస్తే మిర్యాలగూడ మిల్లు కాడ మాటలు మారతయ్. 2025ల మన రాష్ట్రం బియ్యం కాకినాడ పోర్టు నుంచి ఫిలిప్పీన్స్‌కు ఓడెక్కినయ్. చూసిండ్రా, పట్టా టెక్సాస్‌ల, కౌలు నల్లగొండల, చెయ్యి బీహార్‌ది, తినేటోడు మనీలాల. ప్రపంచీకరణ అంటే బెంగళూరుల అద్దాల బిల్డింగ్ అనుకుంటరు గని, మా బామ్మర్ది పొలంగట్టు మీద కూడా అదే ఉంది.

ఇక్కడనే రాజకీయం దూరుతది. సంక్షేమం చిరునామా చూసి వస్తది, ఓటు కూడా చిరునామా చూసే వస్తది, పని మాత్రం చిరునామా చూడది. బీహార్ పిలగానికి ఇక్కడ ఓటు లేదు, అక్కడ ఓటుంది గని ఓటు రోజు ఆయన ఇక్కడ పొలంల ఉంటడు. అందుకే ఏ ఎమ్మెల్యేకూ ఆయనతోని పని పడది. మా నాయనకూ గంతే, రెండు ఎలక్షన్లు ముంబై దిక్కే ఉండె, ఒకసారి రేషన్ కార్డు ఎంక్వైరీకి వచ్చినోళ్లు మనిషి ఊర్లె లేడని పేరు కొట్టేసిండ్రు, మా అవ్వ ఏడాది తిరిగినా మళ్ల ఎక్కియ్యలే. దేశానికి డ్యాం కట్టబోయినోడు ఊరి లెక్కలకెల్లి పోయిండు!

మీకు నవ్వొచ్చే మాట ఒకటి చెప్త. 2025 సెప్టెంబర్ల ట్రంప్, అమెరికాల నౌకరికిచ్చే హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు అన్నంక, మాకు తెలిసినాయన ఒకాయన నల్లగొండల పరేషాన్ అయిండు, కొడుకు అక్కడ చదువుతుండు, ఇదేం అన్యాయం సార్, మన పిలగాండ్లు కష్టపడి పనిచేస్తే ఉద్యోగాలు గుంజుకుంటున్నరంటరా అని నాకు గంట చెప్పిండు. అదే నోటితోని పది నిమిషాలకు, ఈ బీహారోళ్లు వచ్చి మనోళ్ల పని పాడుచేసిండ్రు, రేట్లు పడగొట్టిండ్రు అన్నడు. నేనేమన్లే, చాయ్ తాగిన.

ఆయన భయం పూర్తిగ ఉత్తది కూడా కాదు. గుత్తకు పది మంది దొరికినప్పుడు మన ఆడోళ్లకు కైకిలి తగ్గింది, అది నిజం. నాట్లల్ల పోయిన పని పత్తి ఏరుడుల వస్తదా అంటే కొంత వస్తది, కొంత రాదు. కానీ తలుపేస్తే అయిపోతదా. హర్యానాల నెలకు 30,000 లోపు ప్రైవేట్ నౌకర్లల్ల 75 శాతం లోకలోళ్లకే అని చట్టం చేసిండ్రు, 2023 నవంబర్ల హైకోర్టు కొట్టేసింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని తెలంగాణ కోసం కొట్లాడిన మనకు ఆ ఆశ ఎందుకొస్తదో అర్థమైతది, నేను కూడా ఆ ర్యాలీలల్ల తిరిగినోన్నే. అయితే మన కొట్లాట సర్కార్ నౌకర్ల మీద, పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం రావాల్సినవి రాలేదని. వంగి నాటు ఏసేటోని మీద కాదు.

ఆ రోజు పొద్దూకినంక ఆ పెద్దాయన నన్ను అడిగిండు, మా రేషన్ కార్డు ఇక్కడ నడుస్తదా అని. నడుస్తది అన్న, దేశమంత ఒకటే కార్డు అని 2019ల మొదలు పెట్టినప్పుడు తెలంగాణ, ఆంధ్ర మధ్యల, గుజరాత్, మహారాష్ట్ర మధ్యల ముందు నడిపి చూసిండ్రు కదా. పొద్దుగల్ల ఒక పిలగాన్ని బండి మీద ఎక్కిచ్చుకొని షాపుకు తీసుకపోయిన. డీలర్ మంచోడే, నంబర్ కొట్టిండు, వచ్చింది, పేరు కూడా వచ్చింది. వేలు పెట్టమన్నడు. మూడు వారాలు బురదల నానిన బొటనవేలు, తోలు తెల్లగ ఉబ్బి గీతలే కనపడుత లేవు. మిషన్ వద్దన్నది. లాగుకు తుడుసుకొని మళ్ల పెట్టిండు, ఇంకో వేలు పెట్టిండు, వద్దన్నది. రెండు రోజులు నీళ్లల్ల దిగకుండ ఉండి రా బాబూ అన్నడు డీలర్. ఆ మాట నేను హిందీల చెప్తే పిలగాడు నవ్విండు, ఆ సాయంత్రమే వాళ్ల ముఠా కోదాడ దిక్కు ఇంకో గుత్తకు పోవాలె.